వంశవృక్షంలో ఇద్దరు లక్ష్మమ్మలు

1998 వేసవిలో నన్ను వనపర్తి నుంచి గద్వాల దాపున ఒక మండల రెవెన్యూ కార్యాలయానికి సీనియర్ అసిస్టెంటుగా బదిలీ చేశారు. పట్టాదారు చనిపోతే భూమిని వారసుల పేరిట మార్చడాన్ని మా శాఖలో విరాసత్ అంటారు. గిర్దావర్, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, ఊరికి పోయి, పెద్దల ముందు పంచనామా రాసి, వంశవృక్షం తెస్తాడు. దాన్ని కొత్త కంప్యూటర్‌లో ఎక్కించే పని నాది.

అందుకు ఒక కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలోని వంశవృక్షాల ప్రోగ్రాం వాడాను. ఉచితం. పైగా దాని లోపలి రాతను, అంటే సోర్సు కోడ్‌ను, ఎవరైనా చదివి మార్చుకోవచ్చు. నాకు కాస్త ప్రోగ్రామింగ్ వచ్చు, దాంతోపాటు కాస్త పొగరూ ఉండేది.

ఒక వృక్షంలో లక్ష్మమ్మ పేరు రెండు చోట్ల కనబడింది: నర్సప్ప కూతురి బిడ్డగా ఒకచోట, అదే నర్సప్ప చిన్నకొడుకు భార్యగా ఇంకోచోట. పొరపాటున రెండుసార్లు ఎక్కిందనుకుని ఒకటి తీసేశాను. మళ్లీ చూడకుండానే అచ్చుతీసి ఎమ్మార్వో గారి సంతకానికి పెట్టాను. విచారణ నోటీసుతో నకలు ఊరికి పోయింది.

విచారణకు ముందురోజు లక్ష్మమ్మ ఆ కాగితంతో వచ్చింది. భర్త పోయి ఏడాది కాలేదు, పిల్లలు లేరు. నకలు చదివి చెప్పింది భర్త అన్నేనట.

"నేనేడ పోయిన సారూ? నా పెనిమిటికి పెండ్లామే లేదని రాసిండ్రా?"

చూస్తే రెండు చోట్లా లేదు. ఆ లెక్కన భర్త పేరనున్న భూమి ఆమెకు రాదు, ఆ అన్నకే పోతుంది. తల్లి తమ్ముణ్నే చేసుకున్నానని ఆమె చెప్పాక గానీ నా బుర్రకు ఎక్కలేదు. మా అక్క చేసుకున్నదీ మేనమామనే, అయినా తట్టలేదు! ప్రోగ్రాం ఆమెను ఒకే మనిషిగా దాచుకుని రెండు చోట్ల చూపింది. ఒకచోట తీసేస్తే మనిషే పోయింది.

ఎమ్మార్వో గారికి ఒప్పుకున్నాను. తిట్టి, అసలు పంచనామా తెమ్మన్నారు. అది గిర్దావర్ సంచిలో, ఆయనేమో పనిమీద గట్టు అనే ఊరికి పోయాడు. సాయంత్రం ఆయన బస్సు దిగేదాకా బస్టాండులోనే కాచుకున్నాను.

మర్నాడు సరిచేసిన వృక్షం పెడితే, ఒక్క మనిషి రెండు తావుల ఎట్లుంటదని ఆ అన్న అడ్డం తిరిగాడు. లక్ష్మమ్మ పేరు రెండు చోట్లా ఉన్న పంచనామా కింద అతని సంతకమే ఎమ్మార్వో గారు చూపారు. పట్టా లక్ష్మమ్మ పేరిట మారింది.

ఆ వారమే కోడ్ మార్చాను. ఒక మనిషి రెండోచోట వస్తే పక్కన చుక్క పడుతుంది. కొత్త నకలు ఇచ్చినప్పుడు ఏది తనదని లక్ష్మమ్మ అడిగింది. రెండూ నీవేనన్నాను.

"అయితే రెండూ ఉండనియ్యుండ్రి సారూ. జర ముట్టకుండ్రి."

ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఇంటివాళ్లను అడక్కుండా మళ్లీ ఒక్క పేరూ కొట్టెయ్యలేదు.