ఆమె ఇవ్వని యాభై రూపాయలు

"నా పేరు చదవమని నీకెవరు చెప్పిన్రు?"

"నేనెక్కడ చదివిన అక్కా? చదివింది మా కోడలు."

"చదివింది కోడలు, చదివిపిచ్చింది నువ్వు. నాకు తెల్వదనుకున్నవా?"

"పోయింది నా యాభై రూపాయలు. మీదికెల్లి తిట్లు సుత నాకేనా? ముందు లోపలికి రా. వాకిట్ల లొల్లి ఏంది, ఎదురింటోళ్లు చూస్తున్నరు."

"చూడనీ. ఇయ్యని కానుక ఇచ్చిన్నని చదివినంక నాకు ఇంక సిగ్గేంది?"

శనివారం మధ్యాహ్నం మారేడ్‌పల్లిలో మా ఇంటి గడప ముందు నిలబడి ఆమె నాతో పెట్టుకున్న తగువు ఇది. చెప్పులు విడవలేదు. చంకలో గుడ్డసంచి ఉంది. ఎండలో బొల్లారం నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. ఆడవాళ్లకు బస్సు టికెట్టు తీసేసిన తర్వాత ఈమెకు కోపం కూడా ఖర్చు లేకుండా వస్తోంది అనుకున్నాను. పైకి అనలేదు.

ఆమెను నేను బొల్లారం అక్క అంటాను. ఒక బడిలో ఆయాగా చేసి మానేసింది. నాకంటే నాలుగేళ్లు పెద్ద. నలభై ఏళ్లుగా మేమిద్దరం చర్చిలో ఒకే బెంచీ మీద, గోడ పక్కన కూర్చుంటున్నాం. మా ఇంట్లో నేను అందరినీ తిడతాను. నన్ను తిట్టే మనిషి ఇప్పుడు ఆమె ఒక్కతే మిగిలింది.

తప్పు నాదే. ఎలా చేశానో చెబుతాను.

మా చర్చి ఆడవాళ్లకు పాతకాలం నుంచి ఒక పద్ధతి ఉంది. అన్నానికి బియ్యం కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. నెల మొదటి ఆదివారం ఆ బియ్యం తెచ్చి, చర్చిలో బల్ల ముందున్న గంపలో పోస్తాం. ఆరాధన అయ్యాక వాటిని అమ్మి, వచ్చిన డబ్బు స్త్రీల సమాజానికి జమ చేస్తారు. కాపురానికి వచ్చిన వారంలోనే మా అత్త నాకు ఇది నేర్పింది. మొగుడు చేతికి రూపాయి ఇవ్వకపోయినా బియ్యం డబ్బా మూత ఆడదాని చేతిలోనే ఉంటుంది గదా, అనేది.

ఈ మధ్య ఆ బియ్యం ఎవరూ కొనడం లేదు. ఒకరివి పాత బియ్యం, ఒకరివి కొత్తవి, ఇంకొకరివి దొడ్డువి. అన్నీ కలిపి వండితే సగం పలుకు, సగం ముద్ద. గంపలో ఉంచితే పురుగు పడుతుంది. స్త్రీల సమాజానికి మా కోడలే సెక్రటరీ. మూడు నెలల కింద మీటింగు పెట్టి, ఇక బియ్యం వద్దు, ఇంటికి నెలకు యాభై రూపాయలు ఫోన్లో పంపుదాం అన్నది. చర్చి గోడకు నల్ల చుక్కల కాగితం ఒకటి అంటించారు. దానికి ఫోను చూపిస్తే చాలు, డబ్బు వెళ్లిపోతుందట. ఎవరెవరు పంపారో ఆదివారం ప్రకటనల్లో పేర్లు చదువుతారు.

నేను లేచి వద్దన్నాను. నేను చదివింది నాలుగో తరగతి. ఇంతవరకు ఫోనుతో ఒక్క రూపాయి కట్టలేదు. మోండా మార్కెట్లో కొత్తిమీర కట్టకు కూడా పిల్లలు ఫోను చూపించి పోతుంటారు. నేను నోటు ఇచ్చి, చిల్లర చూసుకుని, అప్పుడే కదులుతాను. నోటు చేతిలోంచి పోయేటప్పుడు ప్రాణం కొంచెం లాగుతుంది. ఆ లాగుడు ఉంటేనే ఎంత ఇచ్చామో మనిషికి తెలుస్తుంది. ఫోనుకు ఆ నొప్పి లేదు. మీటింగులో ఇదే చెప్పాను. "మీ అత్తమ్మ ఖర్చు పెట్టదు, ఎవ్వరిని పెట్టనియ్యదు" అని ఒకామె మా కోడలితో అంది. అందరూ నవ్వారు. తీర్మానం అయిపోయింది.

మొదటి నెల పేర్లు చదివారు. బొల్లారం అక్క పేరు లేదు. ఆమెది మీటల ఫోను, దాంతో మాట్లాడడం తప్ప ఏదీ కాదు. రెండో నెలా లేదు. పేర్లు చదువుతున్నంతసేపు ఆమె తల దించుకుని ఉండడం చూశాను. నా మనసు ఊరుకోలేదు. మూడో నెల రాగానే మా కోడలిని పిలిచి యాభై నోటు చేతిలో పెట్టాను.

"ఇగో పట్టు. నీ ఫోన్లకెల్లి బొల్లారం అక్క పేరు మీద పంపు."

"అత్తమ్మా, ఫోన్ల పంపుడు తప్పన్నది మీరే గద?"

"నా పేరు మీద తప్పు. ఆమె పేరు మీద పంపు."

కోడలు నవ్వుకుంటూ పంపింది. పోయిన ఆదివారం ఆ పేరు చదివారు. ఆ రోజు ఆమె జ్వరంతో చర్చికి రాలేదు. నా పక్కన చోటు ఖాళీగా ఉంది. పేరు వినగానే నాకు సంతోషమైంది, ఉన్నమాట దాచను. ఆ సంగతి వాళ్ల వీధిలో ఉండే ఒకామె పోయి చెప్పింది. జ్వరం తగ్గగానే ఈమె మా గడప ముందుకు వచ్చింది.

చివరికి చెయ్యి పట్టి లోపలికి తీసుకొచ్చాను. మంచినీళ్లు తాగింది. చాయ్ వద్దంది.

"నీ మంచికే చేసిన అక్కా. అందరి పేర్లు చదువుతుంటే నువ్వు తల వంచుకుంటున్నవని."

"నేను ప్రార్థన చేసుకుంటున్న. అప్పుడు నువ్వు కండ్లు తెర్సి నా మొఖం చూస్తున్నవా?"

ఖాళీ గ్లాసు తీసి పక్కన పెట్టాను.

"పోనీ, నీ కొడుకు పంపడా యాభై?" అన్నాను.

"ఎందుకు పంపడు? వాడు మంచోడే. పంపితే అది వాని కానుక. నాదెట్లయితది?" అంది. సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. "పింఛను బ్యాంకుల పడుతది. కార్డు వాని దగ్గర్నే ఉంటది. నా మందులకు, కరెంటుకు అందులకెల్లే పోతది. అడిగితే ఇస్తడు. అడిగి తెచ్చి దేవునికి ఇచ్చుడేంది చెల్లె?"

"మరి ఈ బియ్యం సుత ఇంటియే గద?"

"ఇంటియే. వండేది మా కోడలు. పూటకు ఇంతని గ్లాసుతోని కొలిచి పోస్తది. ఆమె వచ్చిన కాడికెల్లి రోజు రాత్రి నా వంతుల ఒక పిడికెడు తక్కువ పొయ్యమంట. ఆ పిడికెడు తీసి ఈ సంచిల ఏస్త. నాకు ముసల్దానికి రాత్రి అంత అన్నం ఎందుకు?"

నలభై ఏళ్లు ఆమె పక్కన కూర్చున్నాను. ఈ సంగతి నాకు తెలియదు. పైగా ఆమె బియ్యంలో రాళ్లున్నాయని, ఏరి తెస్తే ఏం పోతుందని ఒకసారి అందరి ముందే అన్నాను.

"ఇవి మూడు నెలల బియ్యం. గంప తీసేసిన్రని నేను మానలే," అని సంచి నా ముందు పెట్టింది. "రేపు చర్చిల లేచి చెప్పు. ఆ యాభై నాది కాదని చెప్పు. చెప్పేదాక నేను లోపల అడుగు పెట్ట."

"అందరి ముందట నేను అబద్ధమాడిన్నని చెప్పుకోవాల్నా?"

"ఆడినవ్ గద."

గొడుగు పట్టుకుని బస్ స్టాపు దాకా తోడు వెళ్లాను. బస్సు ఎక్కుతూ ఆమె వెనక్కి తిరిగి, "మోకాళ్లకు నూనె రాస్తున్నవా?" అంది. రాస్తున్నానని చెప్పేలోపే బస్సు కదిలింది.

ఇంటికి వచ్చి కోడలికి అంతా చెప్పాను. ఆమె పాపం బాధపడింది. "గింత దానికి మీరు లేచి చెప్పుడెందుకు అత్తమ్మా? పేరు పొరపాటున పడిందని గ్రూపుల మెసేజ్ పెడత. ఎవ్వరికి ఏం తెల్వదు."

"నేను లేచి చెప్పలేదని ఆమెకు తెలుస్తది. నీ మెసేజ్ చూద్దామన్న గ్రూపుల ఆమె లేదు గద."

చేట తెచ్చుకుని ఆ బియ్యం ఏరడానికి కూర్చున్నాను. ఏరడానికి ఏమీ లేదు. రాయి గానీ, వడ్లగింజ గానీ ఒక్కటి దొరకలేదు. చర్చిలో ఆలస్యంగా వచ్చినవాళ్లను, పాటలో రాగం తప్పినవాళ్లను, చెప్పులు అడ్డంగా విడిచినవాళ్లను అందరినీ నేను దిద్దేదాన్ని. తప్పు నాదని అంతమంది ముందు నేను ఒక్కసారి కూడా అనలేదు. అనకపోతే నలభై ఏళ్లుగా నాతో కూర్చున్న మనిషి మళ్లీ నా పక్కకు రాదు. అంటే ఆ ఆడవాళ్లందరూ ఏమనుకుంటారో. వాళ్లు నవ్వే మొహాలు వరసగా కళ్ల ముందు కనిపించాయి.

మర్నాడు పొద్దున సంచి పట్టుకుని అందరికంటే ముందు వెళ్లి మా బెంచీలో కూర్చున్నాను. బొల్లారం అక్క రాలేదు. పాటలయ్యాయి, ప్రార్థన అయింది. మా కోడలు ప్రకటనలు చదివి ముగించగానే నేను లేచి నిలబడ్డాను. పాస్టరు అయ్యగారు, "చెప్పండమ్మా," అన్నారు.

"పోయిన వారం బొల్లారం అక్క పేరు మీద చదివిన యాభై రూపాయలు ఆమె ఇయ్యలేదు. నేనిచ్చిన. ఆమెకు చెప్పకుండ ఇచ్చిన. అది తప్పు. ఆమె కానుక ఈ బియ్యం," అన్నాను.

వెనక ఎవరో నవ్వి, ఆపేశారు. అయ్యగారు మా కోడలి వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. బయట వరండాలో తల మీద కొంగు కప్పుకుని బొల్లారం అక్క నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు.

చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. నా చేతిలో సంచి తీసుకుని బల్ల దాకా నడిచింది. అక్కడ పోయడానికి గంప లేదు. మా కోడలు పక్కగదిలోకి వెళ్లి పాత గంప తెచ్చి, దుమ్ము తన కొంగుతోనే తుడిచి, ఆమె ముందు పెట్టింది. బొల్లారం అక్క బియ్యం పోసింది. ఖాళీ సంచి మడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది.