మాస్టారికి అర్థం కాలేదు

లెక్కల మాస్టారికి ఏదీ ఓ పట్టాన అర్థం కాదు. రేపు సెలవని హెడ్మాస్టరు చెప్పగానే బడంతా చిందులేస్తుంటే, "అర్థం కాలేదండీ, మళ్ళీ చెప్పండి," అనేవారు. "అన్నం చల్లారిపోతోంది!" అని భార్య కేకేస్తే, ఎందుకు చల్లారుతోందో ఆవిడ చేత వివరంగా చెప్పించుకుని, అది పూర్తిగా చల్లారాక తినేవారు.

అలాంటి మనిషి చేతిలో పడింది, టీచరు కావాలనుకున్న పదో తరగతి అమ్మాయి. అలా అనుకున్నవాళ్ళు నెల రోజులు చివరి పీరియడ్లో ఆరో తరగతికి పాఠం చెప్పి చూపించాలని ఆ బళ్ళో నియమం. పిల్లలు ఆమెకు 'బుల్లి టీచరు' అని పేరు పెట్టారు. మాస్టారు వాళ్ళ మధ్యే చిన్న బెంచీలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని వినేవారు. ఆయన "పనికొస్తుంది" అంటేనే ఆమెను ట్రైనింగుకు పంపుతారు.

"ఎనిమిదో వంతు కన్నా నాలుగో వంతు పెద్దది," అంది బుల్లి టీచరు.

"అర్థం కాలేదమ్మా. నాలుగు కన్నా ఎనిమిది కదా పెద్దది?"

రొట్టె బొమ్మ గీసింది. అర్థం కాలేదు. కాగితం మడిచి చింపి చూపించింది.

"చిరిగిందని అర్థమైంది. మిగతాది కాలేదు."

బుల్లి టీచరు గొంతు బొంగురుపోయింది. భుజం పీకేస్తోంది. జుట్టు నిండా సుద్దపొడి. ఇంటికొచ్చి చాప మీద కూలబడింది.

"అమ్మా, నేను టీచర్ని కాను. బట్టల కొట్లో బిల్లులు రాసుకుంటా."

"ఏమైందే?"

"మాస్టారికి అర్థం కావట్లేదు."

"ఇప్పటికీనా?" అమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతూ నిట్టూర్చింది. "మా రోజుల్లోనూ అంతేనే. పాపం, ఆయనకి చెప్పీ చెప్పీ నాకు లెక్కలొచ్చేశాయి."

నెలాఖరు రానే వచ్చింది. కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి పాఠం మొదలుపెట్టింది. మాస్టారు అదే బెంచీలోంచి అదే ప్రశ్న వేశారు. ఆయన మొహం చూసే ఓపిక కూడా లేక, బుల్లి టీచరు పక్కకి చూసింది.

ఆయన పక్కన ఎప్పుడూ తల దించుకుని కూర్చునే పిల్ల, ఆ ప్రశ్న వినగానే తలెత్తింది. అడిగింది మాస్టారు. జవాబు కోసం ఊపిరి బిగబట్టింది మాత్రం ఆ పిల్ల.

బుల్లి టీచరు బోర్డు వదిలేసి వెళ్ళి ఆ బెంచీ చివర కూర్చుంది. "ఒక్క రొట్టె ఉంది. నలుగురు పంచుకుంటే నీకెక్కువొస్తుందా, ఎనిమిది మంది పంచుకుంటేనా?"

"నలుగురైతేనే. చుట్టాలొస్తే మా ఇంట్లో ముక్క చిన్నదైపోతుంది," అంది పిల్ల. కాస్త ఆగి, తరగతంతా వినేలా, "అయితే అక్కా, మూడో వంతు సంగతేంటి? అది అర్థం కాలేదు," అంది.

"పనికొస్తుంది," అన్నారు మాస్టారు, గొడుగు తీసుకుని లేస్తూ.

హమ్మయ్య అనుకుంది బుల్లి టీచరు. మాస్టారు మాత్రం గుమ్మం వైపు వెళ్ళలేదు. వెనక బెంచీలో నోరు మెదపని ఇంకో పిల్ల పక్కన సర్దుకు కూర్చున్నారు.

"మొదట్నుంచీ చెప్పమ్మా. నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు."

బుల్లి టీచరు భుజం నొక్కుకుంటూ, కొత్త సుద్దముక్క అందుకుంది.