బాలింతగా నేను పడుకున్న ఆగస్టు

మా ఆవిడ ఓక్‌బున్ జియోంజు సంతలో ముప్పై ఏళ్లు సముద్రపు నాచు అమ్మింది. మా కొరియాలో బాలింతకు నాచు చారే పథ్యం; ఊళ్లో ఏ బాలింత తాగినా నాచు ఆమె కొట్టుదే. అందుకే కోడలు సేర్యోన్ పురుడయ్యాక బాలింతల విశ్రాంతి గృహానికి వెళ్తాననేసరికి ఆమెకు తల కొట్టేసినట్టయింది.

“రెండు వారాలకు నలభై లక్షల వన్‌లా! చారు బంగారపు గరిటెతో పోస్తారా?”

“పోనీ, ఇంటికొచ్చే ఆయాను పెట్టుకుంటానత్తయ్యా. సగం ఖర్చుతో అయిపోతుంది.”

“మా ఇంట్లో అయితే పైసా ఖర్చుండదు. కావాలంటే చేసి చూపిస్తా!”

చూపించడానికి బాలింత కావాలి. కోడలికి ఇంకా ఏడో నెలే. అందుకని నన్ను పడుకోబెట్టింది. పక్కన బిడ్డగా ఒక గుమ్మడికాయ.

ఫ్యాను ఆపేసింది. ఉన్ని మేజోళ్లు తొడిగింది. చలికాలంలోలా గది నేల కింద వేడి పెట్టింది. నేలమీదున్న కోడిగుడ్డులోంచి పిల్ల బయటికొచ్చి, ఆ సెగకు తాళలేక మళ్లీ లోపలికి దూరి పెంకు మూసుకుంది. బడిలో సిస్టరమ్మలు వర్ణించిన నరకం ఇంతకన్నా చల్లగా ఉండేది. పూటపూటా నాచు చారే. గుమ్మడికాయకు మాత్రం చక్కగా స్నానాలు.

మూడో రోజు దొంగచాటుగా ఐసు నూడుల్స్ తింటూ దొరికిపోయాను.

“బాలింత ఐసు తింటుందా? ముసలితనంలో ఎముకల్లో చలి పుడుతుంది!”

“ముసలితనం ఇంకెప్పుడే, నాకు డెబ్బై ఆరు!”

గరిటె పుచ్చుకుని వెంటబడింది. వంటింటి గడప దగ్గర ఆమె నడుము పట్టేసింది.

సేర్యోన్ వచ్చేసరికి అత్తగారు మంచమెక్కింది, బాలింత విసనకర్రతో విసురుతున్నాడు.

“ఎంతయిందత్తయ్యా?”

“గొడ్డుమాంసం, గ్యాసు, నా నడుముకు సూదుల వైద్యం... అన్నీ కలిపినా అక్కడి ఖర్చులో సగం లేదు. గెలుపు నాదే!”

“మరి మీ జీతం వేశారా?”

ఆ మాట ఓక్‌బున్‌ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఇంటికప్పు వంక చూస్తూ చాలాసేపు వేళ్లు మడిచింది. సంతలో ఏనాడూ సరుకు తక్కువకు అమ్మిన మనిషి కాదు.

“కోటి.”

“అంతా!”

“ఇంట్లో మనిషివని తగ్గించా. నన్ను పెట్టుకునే తాహతు నీకు లేదమ్మాయ్. ఆ గృహానికే పో!”

ఆ మాట చల్లారకముందే సేర్యోన్ ఫోను తీసి గది ఖాయం చేసుకుంది. మా ఆవిడ మాత్రం నడుము పట్టుకునే సంతంతా తలెత్తుకు తిరిగింది, తన ధర అందుకోలేక కోడలు చవక సరుకుతో సరిపెట్టుకుందని.