బ్రేకు లేని పడవలో అక్కాచెల్లెళ్లు

ఆమె కారు నడపడం నేర్పే మాస్టరు. నేర్చుకునేవాళ్లు తడబడితే ఆపడానికి ఆమె కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉండేది. అందుకని వీధిలో అందరూ ఆమెను బ్రేకమ్మ అనేవారు. ఎదురుగా లారీ వస్తుంటే చెమటలు కక్కే కొత్తవాళ్లతో, "ఏం కాదు, నేనున్నాగా" అనడమే ఆమె పని. అంతటి మనిషికి నీళ్లంటే భయం. మోకాలి లోతు దాటితే ఒళ్లంతా చల్లబడేది.

ఆమె చెల్లెలికి పెద్ద ఆపరేషనైంది. నెలల తరవాత ఒళ్లు కుదుటపడి, కాస్త బయట తిరగమని డాక్టరు చెప్పగానే చెల్లెలు ఒకే ఒక్క కోరిక కోరింది.

"మనిద్దరం కనూలో నది మీద పోదామక్కా."

కనూ అంటే ఒకరి వెనక ఒకరు కూర్చుని తెడ్లు వేసుకునే సన్నటి పడవ. ఫోనులో దాని బొమ్మ చూడగానే అక్క గుండె జారిపోయింది. "చూద్దాంలే, నువ్వింకాస్త కోలుకో" అని నసిగింది.

"నీళ్లు నమలకు. నీళ్ల మీదకే రమ్మంటున్నా" అంది చెల్లెలు.

"వస్తానే. కానీ ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ దిగాలో నేను చెప్తా."

ఆ రోజు నుంచి ఆమెకు నిద్ర కరువైంది. పడవలు అద్దెకిచ్చే పెద్దాయన దగ్గరకెళ్లి లోతు అడిగితే, "ఒడ్డున నడుము దాకానమ్మా. మధ్యలో నేనూ చూళ్లేదు" అన్నాడు. ఆ మాటతో ఉన్న ధైర్యమూ పోయింది. అయినా ఆయన్ని వెంటబెట్టుకుని ఒడ్డు వెంబడి నడిచి, నీళ్లు నిదానంగా పారేచోటు ఎంచుకుంది. పాత వంతెన దగ్గర ఎక్కాలి, పంపుహౌసు దగ్గర దిగాలి. అక్కడ మరిది, అదే చెల్లెలి మొగుడు, కారుతో ఉంటాడు. నడుమ ఇటుకబట్టీ దగ్గర ఒడ్డుకెక్కే మెట్లున్నాయి. ఏ తేడా వచ్చినా అక్కడే దిగిపోవాలి.

పెద్దాయన ముందుగా ఇద్దరికీ లైఫ్ జాకెట్లు బిగించి, లోతులేని చోట పడవను కావాలనే బోల్తా కొట్టించాడు. తలమీదికి నీళ్లొచ్చిన ఆ క్షణంలో ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. జాకెట్టు పైకి లేపాక చూస్తే చెల్లెలు నవ్వుతోంది.

బయలుదేరిన పొద్దున ఆకాశం నిర్మలంగా ఉంది. ఎగువన ఎక్కడా వాన లేదని పెద్దాయన ఫోను చేసి కనుక్కున్నాడు. చెల్లెలు ముందు, అక్క వెనక. పడవ ఏ కాస్త ఒరిగినా అక్క కుడికాలు లేని బ్రేకును తొక్కేది.

కొంత దూరం పోయాక నీళ్ల రంగు మారింది. ఎర్రమట్టి, నురగ, పుల్లలు, ఆకులు. తెడ్డు వేయకపోయినా పడవ పరుగెడుతోంది. పెద్దాయన ఫోను చేశాక ఎగువన ఎక్కడో వాన పడి ఉండాలి. అక్క ఒడ్డున ఇటుకబట్టీ మెట్ల కోసం వెతికింది.

"మెట్ల దగ్గర దిగిపోదాం."

"ఇంకెంతక్కా, ఆ మలుపు తిరిగితే పంపుహౌసేగా."

"మలుపవతల ఏముందో కనబడట్లేదు. దిగుదాం."

చెల్లెలు విసుక్కుంటూనే తెడ్డు ఒడ్డువైపు వేసింది. ప్రవాహం పడవ ముక్కును లాగేసింది. పడవ అడ్డం తిరిగి మెట్టుకు గుద్దుకుంది, ఒకవైపు నుంచి నీళ్లు లోపలికి దూకాయి. అక్క తెడ్డు చెయ్యి జారి కొట్టుకుపోయింది. చెల్లెలు మెట్టుకున్న ఇనప కడియం పట్టుకుని వేలాడింది. అక్క ఆమె జాకెట్టు వెనక పట్టీ పట్టుకుని, మోకాళ్ల మీద పాకుతూ మెట్టెక్కి, ఆమెనూ పైకి లాగింది. పడవ వాళ్ల కళ్లముందే తిరగబడి పోయింది.

ఇద్దరూ పైమెట్టు మీద కూలబడ్డారు. చూస్తుండగానే కింది మెట్టు మునిగింది. వేళ్లతో సహా ఒక చెట్టు దొర్లుకుంటూ మలుపు తిరిగింది. అప్పుడు పట్టుకుంది అక్కకు వణుకు. చెల్లెలి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఆపరేషన్ బల్ల మీద కూడా ఇంత భయం వెయ్యలేదక్కా."

"అవునా?"

"అక్కడ మత్తిచ్చారుగా."

ఇద్దరికీ నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది.

ఎండలు ముదిరి నది సన్నబడ్డాక, మిగిలిన దూరం పూర్తి చేద్దామని అక్కే అంది. ఆరోజూ దారిపొడవునా ఆమె కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. పంపుహౌసు దగ్గర దిగాక మరిది తువ్వాలు అందిస్తే, తన చెమట సంగతి మరిచి ముందు నీళ్లు చిందిన చెల్లెలి తల తుడిచింది.