మధ్యాహ్నం డాన్సు చేసొచ్చిన కాళ్లు

దెయ్యాలూ భూతాలూ అన్నవాళ్లతో జీవితమంతా పోట్లాడినవాణ్ణి. బడికెళ్లింది ఐదో క్లాసు దాకే అయినా, లైబ్రరీలో సగం పుస్తకాలు చదివాను. కాబట్టి "ముసలాయన చాదస్తం" అని పెదవి విరిచేవాళ్లు ముందు ఇది పూర్తిగా చదవండి.

డెబ్బైల చివర్లో భిలాయి స్టీల్ ప్లాంటులో ఎలక్ట్రీషియన్ని. మా ఆవిడ పార్వతికి టైఫాయిడ్ తగ్గాక కాళ్లు నిలబడలేదు. నాలుగు నెలలు మంచం మీదే. కాళ్లలో లోపం లేదు, ఆవిడే లేవాలన్నారు డాక్టర్లు. పవర్ హౌస్ అనే పేట బజార్లో దొరికిన నూనెలన్నీ రాశాను. లేవమంటే గోడవైపు తిరిగిపోయేది.

ఓ ఆదివారం మధ్యాహ్నం ఆఫీసర్ల క్లబ్బులో డాన్సు పార్టీ. మైకు, ఫ్యాన్ల డ్యూటీ నాది. కాళ్లు సులువుగా జారడానికి నేలమీద తెల్ల పౌడర్ చల్లేవారు. చల్లింది నేనే. ఆట మొదలయ్యాక ఆ నేలమీద నా కాలు పెట్టకూడదు! మూడు గంటలు స్విచ్చిబోర్డు దగ్గర నిలబడి చూశాను. చివరికొచ్చేసరికి అందరూ కళ్లు సగం మూసుకుని, ఒకరి భుజం మీద ఒకరు వాలి, నిద్రలో తేలుతున్నట్టు ఊగుతున్నారు. పచ్చచీర కట్టుకున్న ఒకావిడ చెప్పు మడమ విరిగింది. రెండు చెప్పులూ మూలనున్న నల్ల పియానో మీద పెట్టేసి వట్టికాళ్లతో ఆడింది.

చేతులు కడుక్కుని ఐదింటికి క్వార్టర్‌కి వచ్చాను. పార్వతి మంచం మీద కూర్చుని నవ్వుతోంది.

"ఏటి మావా, అలా చూస్తన్నావు? ఎంతసేపు ఆడానో! ఒళ్లంతా తియ్యగా నొప్పెడతంది. పాపం, పచ్చచీరావిడ చెప్పులు నల్లపెట్టి మీద ఎట్టేసింది."

దుప్పటి తీశాను. రెండు అరికాళ్లకీ తెల్ల పౌడర్.

గుమ్మంలో కాపలాగా కూర్చుని బఠాణీలు ఒలుస్తున్న పక్కింటి దీదీని అడిగాను.

"కోయీ నహీ ఆయా, కోయీ నహీ గయా భయ్యా!" అంది. ఎవరూ రాలేదు, ఎవరూ వెళ్లలేదని. పార్వతి మధ్యాహ్నమంతా నిద్రలోనే నవ్వుతూ ఉందట.

నా చేతుల పౌడరే అంటుకుందన్నాడు తర్వాత ఒక ఇంజనీరు. కడుక్కున్నానయ్యా! పాదాలు ముట్టుకోకముందే చూశాను! మరి పచ్చచీర సంగతి ఏ పౌడర్ చెప్పింది?

ఆ సాయంత్రమే "ఇలా రా మావా, ఎలా ఆడాలో చూపిత్తాను" అంటూ పార్వతి నా మెడ పట్టుకుని లేచింది. నాలుగడుగులు వేసింది. నా కాలు తొక్కి, "నీకు తాళమే రాదు" అని నన్నే తిట్టింది. దీదీ బఠాణీలు ఒలికించేసుకుని చప్పట్లు కొట్టింది. ముగ్గురం నవ్వలేక నవ్వలేక కూలబడ్డాం.

ఆ క్లబ్బు గేటు పార్వతి ఏనాడూ దాటలేదు. ఎలా తెలిసిందే అని ఎన్నిసార్లడిగినా ఒకటే మాట: "నన్నడుగుతావేటి? స్విచ్చిల కాడ నిలబడి చూసినోడివి నువ్వే కదా!"

ఎలా జరిగిందో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. ఆ మూడు గంటలూ అక్కడే ఉండి, ఆడుతున్న పార్వతిని చూడకుండా నా కళ్లు ఏం చేశాయన్నదే నా కోపం.