చెవి మేస్త్రి పెట్టిన టైమింగ్

ఆ లారీ రిపేరు షెడ్డులో ఇద్దరు మగవాళ్ళు నెలరోజులుగా మాట్లాడుకోవడం లేదు. ఒకే ఇంజను మీదికి చెరోవైపు నుంచి వంగి, తలలు ఢీకొట్టుకునేంత దగ్గరగా ఉండి కూడా, మధ్యలో ఆమె చేత కబుర్లు మోయిస్తున్నారు. ఒకడు ఆమె మొగుడు, రెండోవాడు ఆమె తమ్ముడు.

"మీ తమ్ముడికి చెప్పు, ఆ లైటు నా మొహాన కొట్టొద్దని."

"అక్కా, బావకి చెప్పు, మొహం తెచ్చి అడ్డం పెట్టింది ఆయనే అని."

ఆమె కిరసనాయిల్లో నట్లు కడుగుతూ ఎవరికీ ఏమీ చెప్పేది కాదు. ఇద్దరూ విన్నాక మళ్ళీ చెప్పడమెందుకు?

మొగుణ్ణి అందరూ చెవి మేస్త్రి అంటారు. పాత పెట్రోలు లారీలకి టైమింగ్ పెట్టడం ఆయన పని. ప్లగ్గులో నిప్పు ఎప్పుడు పడాలో తేల్చేది డిస్ట్రిబ్యూటరు. దాని మెడ దగ్గర బోల్టు వదులు చేసి వెంట్రుకవాసి ఒకవైపు తిప్పితే నిప్పు ముందుగా పడుతుంది, రెండోవైపు తిప్పితే ఆలస్యంగా పడుతుంది. ఆలస్యమైతే బండికి పస ఉండదు, వేడెక్కి చస్తుంది. మరీ ముందైతే, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను లోపల రేకుడబ్బాలో మేకులు పోసి ఊపినట్టు సన్నగా గలగలమంటుంది. దాన్ని పట్టించుకోకపోతే పిస్టనుకు బొక్క పడుతుంది. మేస్త్రి పద్ధతి ఒక్కటే. సరుకుతో సహా బండిని గుట్ట ఎక్కించి, గలగల మొదలయ్యేదాకా ముందుకు జరపడం, మొదలైన చోటు నుంచి వెంట్రుకవాసి వెనక్కి లాగడం. ముప్పై ఏళ్ళు ఆ చెవికి ఎదురు లేదు.

కిందటి నెల ఎదురొచ్చింది. ఆయన టైమింగ్ పెట్టిన కలప లారీకి వారం తిరక్కుండా పిస్టను కాలి బొక్క పడింది. పెట్రోలులో కల్తీ అన్నాడు మేస్త్రి.

"కల్తీ పెట్రోలులో లేదు బావా, నీ చెవిలో ఉంది" అన్నాడు తమ్ముడు, పదిమంది ముందు.

అక్కడితో మాటలు ఆగిపోయాయి. మర్నాడే తమ్ముడు, ప్లగ్గులో నిప్పు పడినప్పుడల్లా మెరిసే టైమింగ్ లైటు కొనుక్కొచ్చాడు.

అసలు సంగతి ఆమెకి అంతకుముందే తెలుసు. ఓసారి కుక్కరు చూస్తుండమని చెప్పి పెరట్లోకి వెళ్ళింది. నాలుగు విజిల్స్ పెరట్లోకి వినిపించాయి. పరుగెత్తుకొచ్చి చూస్తే మేస్త్రి స్టవ్వు ముందే కూర్చుని, "ఒక్కటీ రాలేదేమే, కుక్కరు పాడైనట్టుంది" అన్నాడు. బొంగురు మోతలన్నీ వింటాడు. ఎంత పెద్దదైనా సన్నని మోత ఒక్కటే ఆయనకి అందదు. ఆ మాట ఎలా చెప్పాలో తెలియక ఆమె కుక్కరుకి కొత్త రబ్బరు వేయించింది.

అలా ఉండగా ఇటుకల లారీ వచ్చింది. తమ్ముడు ముందుకు దూకి లైటుతో టైమింగ్ పెట్టాడు. ఇంజను ముందున్న చక్రం అంచు మీద ఒక గీత ఉంటుంది. లైటు మెరిసినప్పుడల్లా ఆ గీత, ఇంజనుకి బిగించిన ముల్లుకి ఎదురుగా కనబడాలి. కనబడింది. బండి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్నే తిరిగొచ్చింది.

"ఎవరయ్యా ఈ టైమింగ్ పెట్టిన మహానుభావుడు?" డ్రైవరు దిగీ దిగకముందే అరిచాడు. "గుట్ట సగంలో ఆగింది! రేడియేటరు పొగలు! వెనకాల ఆగిన బళ్ళవాళ్ళు మా తాతదాకా తిట్టారు నన్ను!"

మేస్త్రి మొహం వెలిగిపోయింది. వంగి, ఆ చక్రం అంచు ఎంత జరిగిందో సుద్దముక్కతో గీసి చూపించాడు. "మీ తమ్ముడికి చెప్పు, ఈ చక్రానికీ అంచుకీ మధ్యన రబ్బరు ఉంటుందని. బండి ముసలిది. రబ్బరు చచ్చి, అంచు పక్కకి జరిగింది. గీతని నమ్ముకున్నాడుగానీ గీత దాని చోట ఉందో లేదో చూసుకోలేదు పండితుడు."

అది నిజమే. తమ్ముడి మొహం మాడిపోయింది. "అక్కా, బావకి చెప్పు, ఈ పిస్టను కూడా కాలితే ఈసారి పెట్రోలు మీదికి తోయడానికి లేదని."

"కాలనివ్వండి" అన్నాడు డ్రైవరు. "మీ షెడ్డు గురించి ఈ దారిలో తిరిగే ప్రతి డ్రైవరుకీ నేనే చెప్తా. ఆ తర్వాత చెవి మేస్త్రిని చెవిటి మేస్త్రి అంటారు."

మేస్త్రి లారీ ఎక్కాడు. ఆమె చేతులు తుడుచుకుని వెనకాలే ఎక్కింది.

"నువ్వెందుకే?"

"పానా పట్టుకోవడానికి."

మొదటిసారి బండి మూలుగుతూ గుట్ట సగందాకానే ఎక్కింది. మేస్త్రి దిగి డిస్ట్రిబ్యూటరు ముందుకు తిప్పాడు. రెండోసారి, రెండో మలుపు దగ్గర ఆమెకి వినబడింది. డబ్బాలో మేకులు. మేస్త్రి కళ్ళు మూసుకుని, తల ఒకపక్కకి వాల్చి, "ఇంకా పలకలేదు" అన్నాడు.

"ఏదో గలగలమంటున్నట్టుంది మేస్త్రీ?" అన్నాడు డ్రైవరు.

"నీ ఇటుకలు."

డ్రైవరు వెనక్కి తిరిగి ఇటుకల వైపు చూశాడు. కిందికి దిగొచ్చాక మేస్త్రి పానా కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

"పలికింది" అంది.

"నాకు వినబడలేదు."

"మీకు వినబడదు. కుక్కరు విజిలే వినబడదు మీకు."

డ్రైవరు గబుక్కున అద్దంలో జుట్టు సర్దుకోవడం మొదలుపెట్టాడు. మేస్త్రి మొహం నల్లబడింది. "మీ తమ్ముడు నూరిపోసిన మాట."

"వాడి లైటూ తప్పే, మీ చెవీ తప్పే."

"అయితే నువ్వు పెట్టు! పెట్టవే, చూస్తా!"

ఎకసెక్కానికి అన్న మాట. ఆమె బానెట్ ఎత్తింది. పదిహేనేళ్ళుగా ఆయన చేతిని చూసిన కళ్ళు. బోల్టు వదులు చేసి వెనక్కి లాగింది. ఎక్కించి చూస్తే మలుపులో ఇంకా సన్నగా ఉంది. దిగి వచ్చి మరో వెంట్రుకవాసి లాగింది. ఈసారి ఏ చప్పుడూ లేకుండా బండి రెండో మలుపు దాటి, మూడోది దాటి, గుట్ట మీదికి ఎక్కేసింది.

"లాగుతోందమ్మా!" అన్నాడు డ్రైవరు, నమ్మలేనట్టు.

తిరుగు ప్రయాణంలో మేస్త్రి ముందు కూర్చోలేదు. వెనక్కి ఎక్కి ఇటుకల మీద కూర్చున్నాడు.

షెడ్డు దగ్గర తమ్ముడు సంగతి విని పళ్ళికిలించాడు. "నేను చెప్పలేదూ!"

"నువ్వు నోరు ముయ్యి. జరిగిన గీత కనబడని వెధవ్వి" అంది ఆమె.

ఆ రోజు నుంచి మేస్త్రి ఆమెతో కూడా మాటలు మానేశాడు. మర్నాడు సున్నం లారీ వచ్చింది. మేస్త్రి బానెట్ కిందికి వంగి ఉన్నాడు. ఆమె మూరెడు దూరంలో నట్లు కడుగుతోంది.

"ఒరేయ్" అన్నాడు మేస్త్రి బావమరిదితో, నెల తర్వాత మొదటిసారిగా. "మీ అక్కకి చెప్పు, గుట్టకి పోవాలి, త్వరగా తెమలమని."

తమ్ముడు నోరు తెరుచుకుని అక్క వైపు చూశాడు. ఆమె చేతులు తుడుచుకుంది.

"నాకు వినబడిందని చెప్పు మీ బావకి."