గోడ కోసం కొన్న ఇటుకలు

జూలై, రెండో శనివారం. పొద్దున చేసిన పనులు: వాకిలి ఊడ్చి కడగడం. టిఫిను, మా ఆయనకి క్యారేజీ. కోళ్ళగూడు కింద శుభ్రం చేయడం. మా కుక్క జిమ్మీ పడుకునే గోనెసంచులు మరిగే నీళ్ళలో ముంచి ఉతకడం. చేయాల్సి ఉండీ చేయనిది ఒకటి: నా వంతు ఇటుకలు తీయడం.

సంచులు పిండుతుండగా ఫోను మోగింది. మా పాస్టరు గారి భార్య. స్త్రీల సమాజం కూడికకని ఆవిడతో కలిసి పొద్దున బస్సుకి రాజమండ్రి వెళ్ళిన మా తోటికోడలు, అందరితో పాటు నిలబడి పాట పాడి, కూర్చోబోతూ పక్కకి ఒరిగిపోయిందట. ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం లేదన్నారట. గుండె ఆగిపోయిందని చెప్పారట.

"అమ్మా, మీరే ధైర్యంగా ఉండాలి. ఇంట్లో వాళ్ళకి నెమ్మదిగా చెప్పండి" అన్నారావిడ.

"అలాగేనండి" అన్నాను.

ఫోను పక్కన పెట్టి మిగిలిన సంచులు పిండాను. తీగ మీద ఆరేసి క్లిప్పులు పెట్టాను. బకెట్టు బోర్లించాను. ఆ తరవాత మా ఆయనకి ఫోను చేశాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ నాకు తెలియదు. ఆరేయకపోతే సాయంత్రం అక్క వచ్చి అడుగుతుందని నా చేతులు అనుకున్నాయేమో.

పొద్దున గేటు తీస్తూ ఆమె నాతో అన్న ఆఖరి మాటలు ఇటుకల పని గురించే. "నా వంతు నిన్న అయిపోయింది చెల్లీ. నీ వంతు నేనొచ్చేసరికి అవ్వాలి. మందు నేను తెస్తాలే." వెనక్కి చూడకుండా చెయ్యి ఊపి వెళ్ళిపోయింది.

సాయంత్రం అంబులెన్సులో తెచ్చారు. ఆమె చేతిసంచి నాకిచ్చారు. అందులో కళ్ళజోడు, పాటల పుస్తకం, పశువుల మందుల షాపు కవరు ఉన్నాయి. కవర్లో పిడుదుల మందు సీసా, వాటిని పట్టి లాగడానికి ఒక కొత్త ప్లక్కరు. కూడిక కంటే ముందే షాపుకి వెళ్ళిందన్నమాట. మందు తెస్తానంది, తెచ్చింది.

పిడుదులంటే కుక్కల్నీ పశువుల్నీ పట్టుకుని రక్తం తాగే పురుగులని మీకు తెలిసే ఉంటుంది. గోమార్లని కూడా అంటారు. పోయిన మనిషిని తలుచుకుంటూ వాటి గురించి రాయడమేంటని మీరనుకోవచ్చు. నేను మాత్రం ఈ వారమంతా ఆమెని తలుచుకున్నప్పుడల్లా, ఒళ్ళో కుక్క తల పెట్టుకుని, కళ్ళజోడు ముక్కు మీదకి జార్చి, దాని చెవిలోకి తొంగి చూస్తున్న మనిషే కనిపిస్తోంది.

మాది మండపేట దగ్గర పల్లె. అన్నదమ్ముల ఇళ్ళు రెండూ ఒకే దొడ్డిలో పక్కపక్కన ఉంటాయి. బావగారు బడిలో పనిచేసి రిటైరయ్యారు. మా ఆయన రైసుమిల్లులో గుమస్తా. నేను కాపురానికొచ్చిన కొత్తలో అన్నదమ్ములిద్దరికీ మాటామాటా పెరిగి, దొడ్డి మధ్యలో గోడ పెట్టుకుందామనుకున్నారు. ట్రాక్టరు మీద ఇటుకలు తోలించి, సరిగ్గా మధ్యలో బారుగా పేర్పించారు. మేస్త్రి వచ్చేలోగా మా అత్తగారికి జబ్బు చేసింది. ఆవిడని చూసుకోవడంలో గోడ మాట వెనకబడింది. ఆవిడ పోయాక అన్నదమ్ములు మళ్ళీ మాట్లాడుకున్నారు. ఇటుకలు మాత్రం అక్కడే ఉండిపోయాయి. తీసేద్దామంటే ఎవరు తగ్గినట్టవుతుందో, కట్టేద్దామంటే ఎవరు పగబట్టినట్టవుతుందో. ఇద్దరూ వాటి మాట ఎత్తేవారు కాదు. పక్కనుంచి నడిచేవారు, వాటివైపు చూసేవారు కాదు.

మా ఆడవాళ్ళిద్దరికీ అవి వేరే రకంగా పనికొచ్చాయి. అక్క కూర పొయ్యి మీంచి దించగానే గిన్నెలో కొంచెం తీసి ఇటుకల మీద పెట్టి, చెంచాతో ఇటుకని టకటకా కొట్టేది. నేను వెళ్ళి తీసుకుని, నా కూర అక్కడ పెట్టేదాన్ని. పనసపొట్టు కూర చేసిన రోజు మాత్రం ఆ చప్పుడు వీధిలోకి వినపడేలా ఉండేది. "నీకొక్కదానికే కాదు, బాగా కుదిరిందని అందరికీ తెలియాలి కదే" అనేది.

జిమ్మీ ఒక వర్షాకాలంలో మిల్లు లారీ కింద దొరికిన పిల్ల. మా ఆయన తెచ్చాడు, అక్క పెంచింది. తినడం మా ఇంట్లో, పడుకోవడం వాళ్ళ అరుగు మీద. మొన్న ఎండాకాలంలో దానికి పిడుదులు పట్టాయి. అక్క రోజూ ఎండ తగ్గాక పీట వేసుకుని కూర్చునేది. చెవుల లోపల, కాలివేళ్ళ సందుల్లో, మెడపట్టీ కింద వెతికేది. పిడుదుని చర్మానికి ఆనించి పట్టుకుని, తిప్పకుండా తిన్నగా లాగి సబ్బునీళ్ళ గిన్నెలో వేసేది. నేను మొదట్లో వాటిని చెప్పుతో నలిపేదాన్ని.

"నలపకే, ఆ రక్తం మన చేతికీ కాళ్ళకీ అంటుకుంటుంది" అనేది. నేను గబగబా లాగబోతే చెయ్యి పట్టుకుని ఆపేది. "తొందరపడ్డావంటే నోరు లోపలే తెగి ఉండిపోతుంది. పుండవుతుంది."

మే నెలలో వాళ్ళమ్మాయి కాకినాడ నుంచి, అప్పుడప్పుడే పాకుతున్న పాపని తీసుకుని వచ్చింది. రెండో రోజు స్నానం చేయిస్తుంటే పాప చెవి వెనక నల్లగా ఏదో కనపడింది. మట్టి అనుకుని రుద్దింది. పోలేదు. దానికి కాళ్ళు కదిలేసరికి ఆ అమ్మాయి పెట్టిన కేకకి నేను గరిటె పడేసి పరుగెత్తాను. అక్క వచ్చి పాపని వెలుతురులోకి తిప్పి, ఊపిరి బిగబట్టి దాన్ని తీసేసింది. సబ్బునీళ్ళతో కడిగింది. ఆ రోజే డాక్టరుకి చూపించారు. ఏమీ కాలేదు, జ్వరం వస్తే మాత్రం వెంటనే తీసుకురమ్మన్నారు.

మర్నాడే వాళ్ళమ్మాయి బట్టలు సర్దుకుంది. "అమ్మా, ఆ కుక్క ఉన్నంతకాలం పాపని తీసుకురాను. నీ ఇష్టం."

"కుక్కని పంపను. పాపని రప్పిస్తాను. చూస్తుండు" అంది అక్క.

"మీ అమ్మకి మనవరాలికంటే జిమ్మీయే ఎక్కువ" అని బావగారు దెప్పారు.

"మనవరాలు నా మాట వినదు, ఇది వింటుంది" అంది అక్క. నవ్వుతూనే అంది. బస్సు వెళ్ళిపోయాక చాలాసేపు గేటు దగ్గరే నిలబడింది.

ఆ తరవాత ఇక పిడుదుల పని పట్టడం మీదే పడ్డాం. పశువుల ఆసుపత్రి డాక్టరుగారు జిమ్మీ మెడ మీద వేయడానికి మందిచ్చారు. "కుక్క మీద మీకు కనపడేవి కొన్నేనండి. ఎక్కువభాగం మీ దొడ్లోనే, ఏ చీకటి సందుల్లోనో ఉంటాయి. అక్కడే గుడ్లు పెడతాయి. ఆ చోటు పట్టుకోండి" అన్నారు. గడ్డి కోయించాం. కొబ్బరిమట్టల కుప్ప ఎత్తించాం. ప్రహరీ పగుళ్ళు సిమెంటుతో పూశాం. నవారు మంచాలు విప్పి ఎండలో వేశాం. ఏ రోజు ఏ మూల అయిందో నేను క్యాలెండరు మీద గుర్తు పెట్టేదాన్ని. అయినా నాలుగు రోజులకి మళ్ళీ కనపడేవి.

తప్పు ఎక్కడ చేశామో అక్కే కనిపెట్టింది. ఒక రోజు పొద్దున ఇద్దరం ఊడుస్తున్నాం. ఆమె వాళ్ళ సగం ఊడ్చి చెత్త మధ్యకి తోసింది. నేను మా సగం ఊడ్చి మధ్యకే తోశాను. ఎత్తేటప్పుడు ఎవరి చెత్త వాళ్ళం ఎత్తుకున్నాం. అక్క చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఇన్నేళ్ళల్లో ఈ మధ్యలో ఎవరైనా ఊడ్చామా?"

ఆ సాయంత్రం బావగారి పాత తెల్లపంచె ఇటుకల పక్కన పరిచి, జిమ్మీని కాసేపు దాని మీద పడుకోబెట్టింది. అది లేచి వెళ్ళాక చూస్తే ఇటుకల వైపు నుంచి ఎర్రటి చుక్కలు నడిచొస్తున్నాయి. ఒక ఇటుక తీసి తిరగేసింది. అడుగున గసగసాల్లా గుడ్లు.

"గోడ లేకపోయింది కదా అని మనం సంబరపడ్డాం గానీ, దాని సామానంతా ఇక్కడే కూర్చుందే" అంది.

"మగాళ్ళని అడుగుదామా అక్కా?"

"అడిగావంటే ఇద్దరూ గోడ కొలతకి మేస్త్రి దారం పట్టుకుని తయారవుతారు. అడక్కు. నా సగం నేను తీస్తాను, నీ సగం నువ్వు తియ్యి. రెండూ వెంటవెంటనే అయిపోవాలి. ఒక పక్క మిగిలిందంటే మళ్ళీ ఈ పక్కకి వచ్చేస్తాయి."

శుక్రవారం ఆమె తన సగం తీసింది. చేతులకి తొడుగులు వేసుకుని, ఒక్కో ఇటుక పట్టా మీదకి మార్చి, మరిగే నీళ్ళు పోసి, గాలాడేలా ఎడంగా నిలబెట్టి ఎండబెట్టింది. "ఏం చేస్తున్నావు?" అని బావగారు అరుగు మీంచి అడిగితే, "కోళ్ళగూటికి" అనేసింది. శనివారం నా వంతు. శనివారం ఏమైందో చెప్పాను.

ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక సమాధుల తోటలో మట్టి చేశారు. సోమవారం ఇంటినిండా చుట్టాలు. ఆదరణ కూడిక వచ్చే శనివారం, మా దొడ్లోనే అనుకున్నారు. ఇంటిమనుషులు పోయాక సంఘమంతా వచ్చి పాటలు పాడి, వాక్యం చెప్పి, ఓదార్చి, భోజనం చేసి వెళ్ళే కూడిక అది. షామియానా కింద చాపలు వేస్తారు. పిల్లలు ఆ చాపల మీదే దొర్లుతారు.

బావగారు మా ఆయన్ని పిలిచారు. "ఆ కుక్కని రేపు మీ మిల్లు వాచ్‌మేన్‌కి ఇచ్చెయ్‌రా. శనివారం పాప వస్తుంది. మీ వదిన లేదు. ఇక దాన్ని ఎవరు చూస్తారు?"

"ఆ పురుగుల మూలంగానే ఏదో అయ్యుంటుంది మనిషికి" అంది బావగారి మేనత్త. గుండె ఆగిందని డాక్టర్లు చెప్పారని ఎవరూ అనలేదు. మా ఆయన తల ఊపాడు. తీగ మీద గోనెసంచులు శనివారం నుంచి అలాగే ఉన్నాయి. జిమ్మీ వాటి కింద పడుకుని గేటువైపు చూస్తోంది.

బావగారి ఎదుట నిలబడి నేనెప్పుడూ మాట్లాడలేదు. మా ఇళ్ళల్లో మరదళ్ళు అలా మాట్లాడరు. ఏదైనా ఉంటే అక్కకి చెప్తే అక్క చెప్పేది. చెప్పడానికి లోపలికి వెళ్ళబోయి, గుమ్మం దాకా వెళ్ళాను. వంటింట్లో ఎవరూ లేరు. వెనక్కి వచ్చాను.

"బావగారూ, పిడుదులు జిమ్మీ దగ్గర లేవండి. ఇటుకల్లో ఉన్నాయి. అక్క తన సగం తీసేసింది. మిగిలింది నా సగం. అది తీసేదాకా ఆగండి."

"ఏ ఇటుకలు?" అన్నారాయన.

"మధ్యలోవండి."

ఆయన అటు తిరిగి చూశారు. సగం మాయమైన ఆ వరసని మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. "ఎవరు తియ్యమన్నారు?"

"ఎవరూ అనలేదండి. అడిగితే మీరిద్దరూ దారం పట్టుకుని తయారవుతారని అక్క వద్దంది."

బావగారు నవ్వబోయారు. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. ఆయన అంతవరకూ ఏడవలేదు. మా ఆయన వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

మర్నాడు నా వంతు మొదలుపెట్టాను. చుట్టాలు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. పొయ్యి మీద పెద్ద గిన్నెతో నీళ్ళు పెట్టాను. అక్క వేసుకున్న తొడుగులే వేసుకున్నాను, అవి నాకు వదులు. కాసేపటికి మా ఆయన చొక్కా విప్పి వచ్చాడు. ఇంకాసేపటికి బావగారు వచ్చి ఇటుకలు అందివ్వడం మొదలుపెట్టారు. అన్నదమ్ములిద్దరూ ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుంటుంటే నేను తప్పుకుని నీళ్ళు పోశాను. చోటు ఖాళీ అయ్యాక, అక్క తెచ్చిన సీసాలో మందు డాక్టరుగారు చెప్పిన కొలతకి కలిపి, ఆ నేలంతా, అరుగు సందులూ తడిపాం. ఆరేదాకా జిమ్మీని ఎదురింట్లో కట్టేశాం. గుడ్లు మిగిలి ఉంటే పిల్లలయ్యే రోజులకి మళ్ళీ ఒకసారి చల్లాలి. అది క్యాలెండరు మీద గుర్తు పెట్టాను.

గురువారం సమాధి కట్టే మేస్త్రి వచ్చాడు. "ఇటుకలు తోలించుకోవాలండి" అన్నాడు. బావగారు ఎండలో ఆరుతున్న రెండు వరసల వైపూ చూసి, మా ఆయన వైపు తిరిగారు.

"సరిపోవంటావా?"

"సరిపోతాయి అన్నయ్యా."

ఆ ఇటుకల గురించి వాళ్ళిద్దరూ మాట్లాడుకోగా నేను విన్నది ఆ రెండు మాటలే. వాటినే ట్రాక్టరుకి ఎత్తించారు.

శనివారం కూడికకి వాళ్ళమ్మాయి పాపతో వచ్చింది. రాగానే దొడ్డి మధ్యలో నిలబడిపోయింది. "ఇక్కడ ఇటుకలుండాలి కదా పిన్నీ?" అంది. చెప్పాను. పాప చాప మీద ఈ చివర నుంచి ఆ చివరకి పాకుతూనే ఉంది. రాత్రి దీపం దగ్గర పాపని కూర్చోబెట్టి, చెవుల వెనక, మెడ మీద, మోకాళ్ళ వెనక, జుట్టు పాయలు తీసి తీసి వెతికింది. వాళ్ళమ్మ లాగే ఊపిరి బిగబట్టి వెతికింది. ఏమీ లేదు. లేచి వెళ్ళి, కూడిక కోసమని మళ్ళీ ఎదురింట్లో కట్టేసిన జిమ్మీని తనే విప్పి తెచ్చింది.

"ఉండనీ పిన్నీ. కానీ రోజూ చూడాలి" అంది. అక్క చేతిసంచిలోంచి ఆ కొత్త ప్లక్కరు తీసి నా చేతిలో పెట్టాను. చూసింది. దాని ప్లాస్టిక్ తొడుగుకి షాపు పిన్ను ఇంకా అలాగే ఉంది. నాకే తిరిగిచ్చింది.

ఆదివారం. పొద్దున చేసిన పనులు: మధ్యతో సహా దొడ్డంతా ఒక్క చీపురుతో ఊడ్చడం. జిమ్మీ చెవులు, కాళ్ళు చూడడం. కూర రెండిళ్ళకీ కలిపి వండడం. కూర దించి, గిన్నె పట్టుకుని బయటికి వచ్చాను. పెట్టడానికి ఇటుకల్లేవు. అవి ఉన్నచోట బారుగా తెల్లటి నేల. జిమ్మీ దాన్ని వాసన చూసి, రెండు చుట్లు తిరిగి, తల వాళ్ళ వైపు, తోక మా వైపు పెట్టి పడుకుంది. గిన్నె వేళ్ళకి కాలుతున్నా కాసేపు అక్కడే నిలబడ్డాను, చెంచా చప్పుడు కోసం.

అక్కకి నేను బాకీ ఉన్నది ఒక వంతు. తీరింది.